బిగించినా నిలవని మోకాలు: ఏసీఎల్ తెగిన ఒక పేషెంట్ కేసు

ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్, పట్టీ లాంటిది. అది తెగిన మోకాలికి తొడ కండరాల బలమే అండ అని ఫిజియోథెరపిస్టులందరం చెబుతుంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ బలం రెండు కాళ్లలో దాదాపు సమానంగా ఉన్నా మోకాలు పట్టు తప్పే పేషెంట్లు అప్పుడప్పుడు వస్తుంటారు. ఇది అలాంటి ఒకరి కేసు. ముందు కండరం, వెనక కండరం కలిసి కీలును ఎలా కాపాడతాయో, అవే కండరాలు అతిగా కలిస్తే కీలుకు ఏమవుతుందో ఒకే మనిషిలో చూసే అవకాశం దొరికింది కాబట్టి రాస్తున్నాను. పేషెంట్ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

ముప్పైల్లో ఉన్న టీచర్. రోజులో ఎక్కువసేపు నిలబడే పని. సెలవుల్లో బ్యాడ్మింటన్ ఆడేవారు. ఎగిరి షాట్ కొట్టి ఒంటికాలి మీద దిగినప్పుడు ఎడమ మోకాలు మెలిపడింది. లోపల టక్కుమన్నట్టు అనిపించిందట, కొన్ని గంటల్లోనే మోకాలు ఉబ్బిపోయింది. ఎంఆర్ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగినట్టు వచ్చింది. మెనిస్కస్‌లో (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) కుట్టు వేయాల్సినంత చీలిక లేదు.

సర్జన్ ఆవిడకు రెండు దారులూ చెప్పారు. ఇప్పుడే ఆపరేషన్ చేయించుకోవడం ఒకటి. ముందు వ్యాయామం చేసి, మోకాలు నిలవకపోతే అప్పుడు ఆపరేషన్‌కు వెళ్లడం రెండోది. ఈ రెండో దారికి ఆధారం ఉంది. స్వీడన్‌లో ఆటలాడే అలవాటున్న 121 మంది యువతీ యువకుల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకూ, వ్యాయామంతో మొదలుపెట్టినవాళ్లకూ రెండేళ్ల తర్వాత మోకాలి స్కోరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వ్యాయామంతో మొదలుపెట్టిన 59 మందిలో 23 మంది ఆ రెండేళ్లలోపే ఆపరేషన్‌కు వెళ్లారు. ఈ రెండు సంగతులూ పేషెంట్‌కు కలిపే చెప్పాలి. ఈవిడకు సర్జన్ అలాగే చెప్పారు, ఆవిడ వ్యాయామాన్నే ఎంచుకున్నారు.

మొదటి నాలుగు నెలలు వేరేచోట ఫిజియోథెరపీ జరిగింది. కాలు చాచి పైకెత్తడం, లెగ్ ప్రెస్, స్క్వాట్లు, హామ్‌స్ట్రింగ్ కర్ల్స్ (తొడ వెనక కండరాలైన హామ్‌స్ట్రింగ్స్ కోసం మోకాలు వంచే వ్యాయామం). ఏసీఎల్‌కు ఎవరైనా ఇచ్చే ప్రోగ్రామే, శ్రద్ధగా చేయించారు కూడా. దాంతోపాటు ఒక సలహా ఇచ్చారు: "నడిచేటప్పుడు తొడ వెనక కండరం ఎప్పుడూ బిగించి ఉంచండి, ఇకమీదట మీ లిగమెంట్ అదే."

ఏ సమస్యతో వచ్చారు

ఆవిడ వచ్చేనాటికి దెబ్బ తగిలి ఐదు నెలలు దాటింది. మెట్లు దిగేటప్పుడు, ఎవరో పిలిస్తే చటుక్కున వెనక్కి తిరిగేటప్పుడు మోకాలు పట్టు తప్పేది. పడిపోయేవారు కాదు, గోడనో కుర్చీనో పట్టుకునేవారు. సాయంత్రానికి చిప్ప చుట్టూ, మోకాలి వెనక నొప్పి. కొన్ని రోజులు కొద్దిగా వాపు.

"మేడం, ఈ కాలు ఎప్పుడు మోసం చేస్తుందో తెలీదు. అందుకే అడుగు వేసే ముందే గట్టిగా బిగించేస్తా. అయినా జారుతోంది," అన్నారు. కేసంతా ఆ మూడు వాక్యాల్లోనే ఉంది.

పరీక్షలో లిగమెంట్ లేని మోకాలికి ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నాయి. మోకాలి కింది ఎముకను ముందుకు లాగి చూసే లాక్‌మన్ పరీక్షలో ఆ ఎముక, అంటే టిబియా, ముందుకు జరిగింది, గట్టిగా ఆగే చోటు తగల్లేదు. మోకాలు పూర్తిగా వంగుతోంది, పూర్తిగా చాచగలుగుతున్నారు. మధ్యలో ఎక్కడా ఇరుక్కుపోవడం లేదు. బలం కొలిచే డైనమోమీటర్‌తో చూస్తే ఎడమ క్వాడ్రిసెప్స్ (తొడ ముందు కండరం) బలం కుడిదానిలో 88 శాతం, హామ్‌స్ట్రింగ్స్ 97 శాతం. ఈ దశలో ఇంత బలం ఉన్నవాళ్లలో చాలామంది మెట్లు దిగడానికి ఇబ్బంది పడరు.

సమస్య నడకలో దొరికింది. మామూలు నడకలో మడమ నేలను తాకాక మోకాలు 15 నుంచి 20 డిగ్రీల దాకా వంగి, ఒంటి బరువును మెత్తగా తీసుకుని మళ్లీ చాచుకుంటుంది. ఈవిడ మోకాలు కొద్దిగా వంగిన స్థితిలో నేలను తాకి, బరువు పడినా అక్కడే బిగుసుకుని ఉండిపోయేది. పక్కన నడుస్తూ తొడ వెనక చెయ్యి వేసి చూశాను. హామ్‌స్ట్రింగ్స్ పాదం నేలను తాకకముందే గట్టిపడాలి, అది సహజం. బరువు పూర్తిగా ఆ కాలి మీదకు వచ్చాక నెమ్మదించాలి. ఇక్కడ పాదం నేలను వదిలేదాకా అలాగే గట్టిగా ఉన్నాయి. కండరాల విద్యుత్ సంకేతాలను నమోదు చేసే, చర్మం మీద అంటించే ఈఎంజీ పెట్టి చూస్తే క్వాడ్రిసెప్స్, హామ్‌స్ట్రింగ్స్ రెండూ అడుగు పొడవునా కలిసే పనిచేస్తున్నాయి. ఈఎంజీ సైజును బట్టి కండరం ఎంత బలం పెడుతోందో చెప్పలేం. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నది మాత్రం చూడొచ్చు. నాకు కావలసింది కూడా అదే.

అంత బిగించినా ఎందుకు జారుతోంది

దీనికి జవాబు దొరక్కుండా చికిత్స మొదలుపెడితే ఇంకో నాలుగు నెలలు కర్ల్స్ చేయించడమే అవుతుంది. అందుకే ఈ భాగం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

క్వాడ్రిసెప్స్ మోకాలిని చాపేది చిప్ప కింది టెండన్ (కండరం లాగుడును ఎముకకు చేర్చే తాడు లాంటి భాగం) ద్వారా. మోకాలు దాదాపు చాచి ఉన్నప్పుడు ఆ టెండన్ కొంచెం ముందుకు వాలి ఉంటుంది. కాబట్టి కండరం లాగినప్పుడల్లా టిబియా ముందుకు జరగాలని చూస్తుంది. ఏసీఎల్ ఆపేది ఆ జరుగుడునే. మోకాలు బాగా వంగాక టెండన్ వాలు మారిపోతుంది, అప్పుడు అదే కండరం టిబియాను వెనక్కి తీసుకెళ్తుంది.

టిబియాను వెనక్కి లాగే పని హామ్‌స్ట్రింగ్స్‌ది. అందుకే అవి ఏసీఎల్‌కు తోడు అంటాం. ఆ తోడు కూడా అన్ని కోణాల్లో ఒకేలా ఉండదు. మోకాలు చాచి ఉన్నప్పుడు హామ్‌స్ట్రింగ్ టెండన్లు టిబియాకు దాదాపు సమాంతరంగా నడుస్తాయి. అప్పుడు అవి పెట్టే బలంలో ఎక్కువ భాగం టిబియాను తొడ ఎముకకు అదమడానికే పోతుంది. వెనక్కి లాగడానికి మిగిలేది కొంచెమే. మోకాలు వంగేకొద్దీ లాగే దిశ మారి, వెనక్కి లాగే వాటా పెరుగుతుంది. బతికున్న మనుషుల ఏసీఎల్‌కు చిన్న సెన్సర్ అమర్చి చేసిన కొలతల్లో ఇది తేలింది. 15 డిగ్రీల దగ్గర రెండు కండరాలూ కలిసి బిగిస్తే, క్వాడ్రిసెప్స్ ఒక్కటే బిగించినప్పటి కంటే లిగమెంట్ మీద సాగుడు తగ్గింది కానీ పోలేదు. 30 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు లేకుండా పోయింది.

మా పేషెంట్ మోకాలు బిగుసుకుని ఉండేది సరిగ్గా ఆ తక్కువ కోణంలోనే. అక్కడ హామ్‌స్ట్రింగ్స్ ఎంత బిగించినా వెనక్కి లాగేది కొద్దే. పైగా అవి మోకాలిని వంచే కండరాలు కదా! అవి బిగిస్తే మోకాలు కుంగకుండా నిలబెట్టడానికి క్వాడ్రిసెప్స్ ఇంకా ఎక్కువ లాగాలి. ఆ ఎక్కువ లాగుడు టిబియాను ముందుకు తెస్తుంది. ముందుకు వస్తున్నట్టు అనిపించగానే ఆవిడ వెనక కండరాన్ని ఇంకా బిగిస్తారు. బ్రేకు, యాక్సిలరేటరు ఒకేసారి తొక్కి నడుపుతున్న బండి అది. రెండు ఎముకలూ గట్టిగా అదుముకుంటే కీలు కొంత స్థిరపడే మాట నిజమే. కానీ టిబియా పైతలం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, ఏసీఎల్ లేనిచోట ఆ అదుముడు కూడా టిబియాను కొంత ముందుకే తోస్తుంది. చిప్ప చుట్టూ సాయంత్రం నొప్పికీ ఈ ఒత్తిడే కారణమై ఉంటుందని అనుకున్నాను.

ఇక టైమింగ్ సంగతి. ఏసీఎల్ తెగిన ఆటల వీడియోలను విశ్లేషించినవాళ్లు, పాదం నేలను తాకాక సుమారు 50 మిల్లీసెకన్ల లోపే లిగమెంట్ తెగుతుందని అంచనా వేశారు. కీలు జరిగాక నరాల ద్వారా కబురు వెళ్లి, కండరం స్పందించి, ఆ స్పందన లాగుడుగా మారేసరికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. కాబట్టి కండరాలు అడుగు పడకముందే తయారుగా ఉండాల్సిందే. ముందే బిగించిన కండరం సాగదీతను ఆ క్షణంలోనే, రిఫ్లెక్స్ కోసం ఆగకుండా అడ్డుకుంటుంది. ఆవిడ ఒళ్లు ఈ మేరకు సరైన ఎత్తే వేసింది. చిక్కల్లా ఆ తయారీ ఆగకపోవడంలో ఉంది. రెండు వైపులా ఎప్పుడూ ఒకే బిగింపు ఉంటే, పాదం బయటికి తిరిగినా లోపలికి తిరిగినా మోకాలికి తెలిసిన జవాబు ఒక్కటే. మెట్టు దిగడానికి మోకాలు వంగక తప్పదు, చటుక్కున తిరగడానికి ఒక వైపు కండరం ముందు పనిచేయక తప్పదు. ఆవిడ మోకాలు జారేది ఆ రెండు సందర్భాల్లోనే.

ఇక్కడ ఒక మాట. ఒక కండరం పనిచేస్తే ఎదురు కండరం సడలుతుందని నాడీ శాస్త్రవేత్త షెరింగ్టన్ పేరుతో మనమంతా చదువుకున్నాం. 1932లో నోబెల్ అందుకున్న ఆయన చూపిన ఆ ఏర్పాటు నిజమే. దాన్ని పట్టుకుని కొందరు జూనియర్లు రెండూ కలిసి పనిచేయడమే జబ్బనుకుంటారు. వెన్నుపాములోని ఆ సడలింపును పెంచడం, తగ్గించడం మెదడు చేతిలో ఉంది. బరువు తెలియని వస్తువు ఎత్తేటప్పుడు, కొత్త పని నేర్చుకునేటప్పుడు, నేల జారుడుగా ఉన్నప్పుడు మెదడు కావాలనే రెండింటినీ కలిపి వాడుతుంది. పని చేతికొచ్చేకొద్దీ ఆ కలయిక తగ్గుతుంది. ఎక్కడైనా ప్రమాదం మిగిలే ఉందనిపిస్తే తగ్గించదు. ఈవిడ విషయంలో అది ఐదు నెలలుగా తగ్గలేదు.

ఏమేం ప్రయత్నించాం, ఏవి పనిచేయలేదు

మోకాలు పట్టు తప్పడానికి ఇంకా కారణాలు ఉండొచ్చు కాబట్టి మొదట వాటి సంగతి తేల్చుకోవాలనుకున్నాను. కీలులో నీరు చేరితే క్వాడ్రిసెప్స్ తనంతట తనే మొద్దుబారుతుంది. లోపలివైపు భాగానికైతే 20 నుంచి 30 మిల్లీలీటర్ల నీరు చాలు. బయటికి పెద్దగా వాపు కనిపించకుండానే ఇది జరగొచ్చు. చిప్ప దగ్గర పోటు వచ్చినా క్వాడ్రిసెప్స్ ఒక్క క్షణం వదిలేస్తుంది, పేషెంట్ మాటల్లో అదీ జారడమే. అందుకని రెండు వారాలు లెగ్ ప్రెస్, మెట్ల వ్యాయామం బాగా తగ్గించి, వాపు పూర్తిగా తీసే పని పెట్టుకున్నాం. వాపు పోయింది, సాయంత్రం నొప్పి సగానికి తగ్గింది. జారడం మాత్రం తగ్గలేదు. జారే ముందు పోటు ఉండదని కూడా ఆవిడ గమనించి చెప్పారు. దాంతో ఆ దారి మూసుకుంది.

ఆవిడ దగ్గర మోకాలికి ఆసరాగా తొడుక్కునే, కీలున్న బ్రేస్ ఒకటి ఉంది. పెట్టుకుని నడిస్తే ధైర్యంగా ఉంటుందన్నారు. నడక చూస్తే బిగింపులో తేడా ఏమీ లేదు. బ్రేస్ తీసేయమనలేదు. జనం తోసుకునే చోట, తెలియని మెట్ల మీద పెట్టుకోమన్నాను, వ్యాయామంలో వద్దన్నాను. జారతానన్న భయం ఉన్న మనిషి నుంచి ఉన్న ఆసరాను లాగేసుకుంటే, ఆ లోటు తీర్చడానికి కండరాలు ఇంకా బిగుస్తాయి. వ్యాయామంలో మాత్రం మోకాలు తనంతట తను సమాధానం వెతుక్కోవాలి.

తర్వాత ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్. స్క్రీన్ మీద గీత చూస్తూ హామ్‌స్ట్రింగ్స్‌ను వదలడం నేర్చుకోవాలి. కండరం అతిగా పనిచేస్తుంటే దాన్ని సడలించడం నేర్పాలన్నది సూటి ఆలోచనే. ఆవిడ త్వరగా నేర్చుకున్నారు కూడా. కూర్చుని వదిలారు, నిలబడి వదిలారు, స్క్రీన్ చూస్తూ నెమ్మదిగా నడుస్తూ వదిలారు. స్క్రీన్ ఆపి, మాటల్లో పెట్టి నడిపిస్తే నాలుగు అడుగుల్లో పాత బిగింపు మళ్లీ వచ్చేసేది. ఆ రోజుల్లోనే ఒకసారి మెట్ల మీద మోకాలు జారింది. అదృష్టం, వాపు రాలేదు. "మీరు చెప్పినట్టు వదిలాను మేడం, అప్పుడే జారింది," అన్నారు.

ఇందులో తర్కం ఎక్కడ బెడిసిందో చూడాలి. ఆ బిగింపు ఊరికే పట్టుకున్న అలవాటు కాదు, ప్రమాదం ఉందని మెదడు పెట్టుకున్న కాపలా. కాపలాకు బదులు ఇంకోటి ఇవ్వకుండా దాన్ని తీసేస్తే మెదడు ఒప్పుకోదు. ఒప్పుకున్న ఆ కాసేపూ మోకాలు ఒంటరిది అవుతుంది. పైగా కండరాన్ని వదలాలని ప్రతి అడుగులో గుర్తుంచుకోవడం, బిగించాలని గుర్తుంచుకోవడం లాంటిదే. రెండింటిలోనూ మనసు మోకాలి దగ్గరే ఉంటుంది. ఆ పద్ధతి పక్కన పెట్టాం.

ఏది పనిచేసింది

ఇక మిగిలింది పెర్టర్బేషన్ ట్రైనింగ్. పేషెంట్ కదిలే పలక మీద నిలబడతారు, థెరపిస్టు ఆ పలకను లాగుతూ తోస్తూ ఉంటే తట్టుకుంటారు. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం బృందం దీన్ని ఏసీఎల్ పేషెంట్ల మీద పరీక్షించింది. 2000లో వచ్చిన ఆ ట్రయల్‌లో 26 మంది ఉన్నారు. మామూలు వ్యాయామం చేసిన 14 మందిలో 7గురు, దానికి పెర్టర్బేషన్ కలిపి చేసిన 12 మందిలో 11 మంది ఆరు నెలల దాకా ఇబ్బంది లేకుండా ఆడగలిగారు. చిన్న ట్రయల్. ఇంకో ముఖ్యమైన సంగతి, అందులో చేర్చుకున్నది ముందే మంచి అవకాశం ఉందని వడకట్టినవాళ్లను. దెబ్బ తగిలాక ఒకటికి మించి జారినవాళ్లను తీసుకోలేదు. అంటే మా పేషెంట్‌కు అందులో చోటు దక్కేది కాదు.

అందువల్ల మొదలుపెట్టే ముందు సర్జన్‌తో మాట్లాడాను. జారిన ప్రతిసారీ మెనిస్కస్‌కు ముప్పే. నా మెథడ్ పనిచేస్తుందేమో చూద్దామని నెలల తరబడి ఆ ముప్పును పేషెంట్ మోకాలి మీద పెట్టలేను. ముగ్గురం కలిసి ఒక గీత గీసుకున్నాం: ఇంకొక్కసారి జారి వాపు వచ్చినా, మోకాలు ఇరుక్కున్నా ఇది ఆపి ఆపరేషన్ గురించి మాట్లాడాలి. ఈ మాట ఆవిడకు ధైర్యమే ఇచ్చింది. అప్పటిదాకా ఫిజియోథెరపీ మానితే ఓడిపోయినట్టని అనుకుంటూ వచ్చారట.

పలక మీద మోకాలిని 30 డిగ్రీలు వంచి మొదలుపెట్టాం. హామ్‌స్ట్రింగ్స్ వెనక్కి లాగే పని బాగా చేయగలిగేది అక్కడి నుంచే కాబట్టి ఆ కోణం. మొదట రెండు కాళ్లూ, తర్వాత ఒక కాలు పలక మీద, ఇంకోటి కదలని దిమ్మ మీద. చివరికి ఒంటికాలు. ఎటు లాగబోతున్నానో మొదట్లో చెప్పి లాగేదాన్ని, తర్వాత చెప్పకుండా.

దీనిలో కీలకం పేషెంట్‌కు ఇచ్చే మాట. "కదలకుండా గట్టిగా నిలబడండి" అంటే ఆవిడ బాగా వచ్చిన పనే చేస్తారు. నేను చెప్పింది ఇది: "నేను ఎంత తోస్తే మీరూ అంతే తోయండి. నన్ను గెలవొద్దు, నాకు లొంగొద్దు. నేను తోయకముందే బిగించొద్దు." ఆవిడ ఏం చేస్తున్నారో తెలుసుకోవడానికి ఈఎంజీ కూడా అక్కర్లేదు. పలకను తోస్తూ తోస్తూ చటుక్కున వదిలేయాలి. పేషెంట్ నాకు సరిపడా మాత్రమే ఎదురు తోస్తుంటే పలక కొద్దిగా కదిలి ఆగిపోతుంది. అవసరానికి మించి తోస్తుంటే ఎదురు దిక్కుకు దూసుకుపోతుంది. కాలంతా బిగించేసి ఉంటే తోసేటప్పుడే చేతికి తెలుస్తుంది, పలకతో పాటు నడుము, భుజాలు కూడా ఒకే ముద్దగా కదులుతాయి. ఈవిడ మొదట్లో చేసింది ఈ మూడోది. తర్వాత రెండోదానికి వచ్చారు. అది మెరుగుదలే. దిక్కు తెలుసుకుని తోస్తున్నారు, ఎంత తోయాలో ఇంకా పట్టుబడలేదు, అంతే.

మూడో వారంలో మార్పు కనిపించింది. పలక వదిలితే దూసుకుపోవడం ఆగింది. ఆ తర్వాత పలక తోస్తూనే బంతి పట్టించడం, వెనక నుంచి పేరు పెట్టి పిలిచి తల తిప్పించడం కలిపాను. క్లాసులో ఆవిడ మోకాలు జారేది అలాంటప్పుడే కాబట్టి.

నడక గురించి ఆ వారాల్లో నేను ఒక్క మాటా చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. నాలుగో వారం చివర్లో చూస్తే మడమ తాకాక మోకాలు వంగడం దానంతట అదే తిరిగొచ్చింది. ఈఎంజీలో హామ్‌స్ట్రింగ్స్ పాదం తాకే ముందు చురుగ్గా లేచి, అడుగు సగానికి వచ్చేసరికి సద్దుమణుగుతున్నాయి. మెట్లకు మాత్రం ఒక సూచన ఇచ్చాను: చప్పుడు కాకుండా దిగండి. మోకాలు ఎలా పెట్టాలో చెబితే ఆలోచన మళ్లీ మోకాలి మీదకు పోతుంది. చప్పుడు తగ్గించాలంటే మోకాలు వంగక తప్పదు, ఆ సంగతి ఆవిడ ఆలోచించనక్కర్లేదు.

బలం పెంచే వ్యాయామం మానలేదు. 88 శాతం క్వాడ్రిసెప్స్‌ను అలా వదిలేసి టైమింగ్ గురించి మాట్లాడటం అర్థం లేని పని. బరువు పెట్టి కాలు చాపే వ్యాయామం 90 నుంచి 45 డిగ్రీల మధ్యే చేయించాను. ఆ కింద, చాచేకొద్దీ టిబియా ముందుకు లాగబడుతుంది. హామ్‌స్ట్రింగ్ కర్ల్స్ తగ్గించాను, అక్కడ ఆవిడకు లోటేమీ లేదు.

పిక్క కండరాల్లో కూడా మార్పు చేశాను. దీన్ని చాలామంది పట్టించుకోరు. మోకాలు చాచి మునివేళ్ల మీద లేస్తే ఎక్కువ పనిచేసేది గ్యాస్ట్రోక్నీమియస్. అది మోకాలి పైనుంచి మొదలవుతుంది, మోకాలు చాచి ఉన్నప్పుడు బిగిస్తే ఏసీఎల్ మీద సాగుడు పెంచుతుంది. దాని కింద ఉండే సోలియస్ మోకాలిని దాటదు, పాదం నేల మీద ఉన్నప్పుడు అది టిబియాను వెనక్కి పట్టుకుంటుంది. ఒకే పిక్కలో రెండు కండరాలు, ఏసీఎల్ విషయంలో రెండూ చెరో పక్షం. అందుకని మునివేళ్ల మీద లేవడం మోకాలు వంచి చేయించాను. ఎదురెదురు కండరాల జత అనగానే తొడ ముందు, తొడ వెనక అని ఆగిపోతే ఇలాంటివి చేజారిపోతాయి.

ఏం జరిగింది

మూడు నెలలు గడిచేసరికి ఇంట్లో, స్కూల్లో మోకాలు జారడం ఆగిపోయింది. మేం గీసుకున్న గీత దాటాల్సిన పరిస్థితి రాలేదు. క్వాడ్రిసెప్స్ 94 శాతానికి వచ్చింది. ఒంటికాలి గెంతు దూరం కుడికాలితో పోలిస్తే 90 శాతం దాటింది. సాయంత్రం నొప్పి బాగా తగ్గింది, వరుసగా ఎక్కువ క్లాసులున్న రోజుల్లో మాత్రం కొంత ఉంటోంది.

బ్యాడ్మింటన్ అంత తేలిగ్గా రాలేదు. కోర్టులో పక్కకు అడుగులు, ముందుకు లంజ్ బాగానే వచ్చాయి. ఎగిరి, గాల్లో ఒళ్లు తిప్పి ఎడమకాలి మీద దిగే షాట్ దగ్గర ఒకసారి మోకాలు తడబడింది. వాపు రాలేదు గానీ ఆ దిగుడులో పాత బిగింపంతా తిరిగొచ్చింది, పక్కనుంచి చూసినా తెలిసిపోయింది. ఏసీఎల్ ఆపేది ముందుకు జరుగుడును ఒక్కటే కాదు, లోపలికి మెలి తిరగడాన్ని కూడా. కండరాలు ఆ మెలిని ఎంతవరకు ఆపగలవన్నదానికి హద్దు ఉంది. సింగిల్స్ ఆడాలంటే ఆపరేషన్ గురించి మళ్లీ ఆలోచించాలని సర్జన్ చెప్పారు. ఆవిడ డబుల్స్‌తో సరిపెట్టుకున్నారు, ఎగిరి కొట్టే షాట్ మానేశారు.

ఈ కేసు నుంచి ఎంతవరకు తీసుకోవచ్చు

ఇది ఒక్క కేసు. కాలం గడవడం వల్ల, వాపు పోవడం వల్ల, క్వాడ్రిసెప్స్ ఆ కాస్త పెరగడం వల్ల కూడా మోకాలు నిలిచి ఉండొచ్చు. నన్ను పెర్టర్బేషన్ వైపు మొగ్గేలా చేసేది మార్పు వచ్చిన క్రమం. వాపు పోయిన రెండు వారాల్లో జారడం తగ్గలేదు. బలం ఇంకా పెద్దగా పెరగకముందే, పలక మీద తీరు మారిన వెంటనే నడక మారింది.

అతి బిగింపు ఉన్న ప్రతివాళ్లకూ ఇది సరిపడదు. మెనిస్కస్ చీలి ఉన్నా, ఇంకో లిగమెంట్ దెబ్బతిన్నా, జారిన ప్రతిసారీ మోకాలు ఉబ్బుతున్నా మొదట సర్జన్ దగ్గరికే పంపుతాను. మరోవైపు, జారడం లేకపోయినా ఈ బిగింపును చూసీ చూడనట్టు వదిలేయలేం. మోకాలి కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో, లోపలివైపు కండరాలు నడకలో ఎక్కువసేపు కలిసి బిగిసి ఉన్నవాళ్లకు ఒక ఏడాదిలో మృదులాస్థి ఎక్కువ తగ్గినట్టు ఒక అధ్యయనంలో తేలింది. ఆ ఫలితం ఏసీఎల్ పేషెంట్లది కాదు కాబట్టి నేరుగా ఇక్కడికి తెచ్చి పెట్టను. కానీ ఏసీఎల్ తెగిన మోకాళ్లకు అరుగుదల ముప్పు ఎలాగూ ఎక్కువే. దానికి తోడు రోజంతా ఎముకను ఎముకకు అదిమి నడవమని సలహా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

"హామ్‌స్ట్రింగ్ బిగించి నడవండి" అన్న సలహా దెబ్బ తగిలిన మొదటి వారాల్లో పనికిరావచ్చు. అప్పుడు మోకాలికి వేరే ఉపాయం తెలియదు. దాన్ని ఎప్పుడు ఆపాలో పేషెంట్‌కు చెప్పడం మన పని. ఇప్పుడు ఏసీఎల్ పేషెంట్ ఎవరు వచ్చినా బలం కొలవకముందే నడిపించి, తొడ వెనక చెయ్యి వేసి చూస్తున్నాను. అడుగు సగానికి వచ్చాక కూడా కండరం గట్టిగా ఉంటే ఆ సంగతి బలం అంకెల పక్కనే రాసుకుంటున్నాను. ఈ కేసులోని పేషెంట్ వారానికి రెండుసార్లు క్వాడ్రిసెప్స్, సోలియస్ వ్యాయామాలు చేస్తున్నారు, పలక మీద సాధన ఇంకా ఆపలేదు. వచ్చే పరీక్షలో ఎగిరి దిగే కదలికను తక్కువ ఎత్తు నుంచి మళ్లీ చూడాలని అనుకున్నాం.